మల్లె, లిల్లీ, గులాబి: ఇంట్లో సెంటు కలపడానికి ఏ నూనె కొనాలి?

మోగ్రా అని చీటీ అంటించిన సీసా తెప్పించుకుని మూత తీస్తే అగరుబత్తి వాసనో, బాత్రూంలో వేలాడదీసే బిళ్ళ వాసనో కొడుతుంది. అంతమాత్రాన సరుకు నకిలీదని కాదు. చాలావరకు అది కాల్చడానికో, సబ్బులో పోయడానికో కూర్చిన నూనె అయి ఉంటుంది. ఇంట్లో సెంటు కలుపుకునేవాళ్ళకు బజారులో ఐదారు రకాల సరుకు దొరుకుతుంది, అన్నిటి మీదా పువ్వు బొమ్మ ఒకటే. అందుకే ముందుగా మా తీర్పు చెప్పేస్తాం: చెట్టు మీది పువ్వు ఏ ఒక్క సీసాలోనూ దొరకదు. చర్మానికి పనికొచ్చే ఓ మోస్తరు ఫ్రాగ్రెన్స్ ఆయిల్‌ను (కూర్చిన సువాసన నూనెను) పునాదిగా పెట్టుకుని, దానికి కాస్త అసలు పూల అబ్సల్యూట్ (ద్రావకంతో తీసిన పూల సారం), నాలుగైదు విడి అరోమా కెమికల్స్ (ఒక్కొక్కటిగా అమ్మే వాసన పదార్థాలు) జోడించుకోవడమే అన్నిటికన్నా తక్కువ ఖర్చుతో పువ్వుకు దగ్గరగా వెళ్ళే దారి. ఖరీదైన సీసా ఒక్కటి కొని చేతులు దులుపుకునే దారి లేదు.

దొరికే సరుకు, దాని తీరు

అగరుబత్తి, కొవ్వొత్తి, సబ్బుల కోసం అమ్మే సువాసన నూనెలు అన్నిటికన్నా చవక. హైదరాబాద్ బేగంబజార్ నుంచి వరంగల్ దాకా కిరాణా హోల్‌సేల్ దుకాణాల్లో లీటర్ల లెక్కన దొరికేవి ఎక్కువగా ఇవే. వేడికీ క్షారానికీ తట్టుకునేలా కూరుస్తారు కాబట్టి వాసన గట్టిగా, గరుకుగా ఉంటుంది. పైన లేతగా ఉండాల్సిన పచ్చి వాసన దాదాపు ఉండదు. చర్మం మీద ఎంత శాతం వాడొచ్చో చెప్పే కాగితం ఉండదు. సెంటుకు వద్దు.

రోల్-ఆన్ సీసాల్లో పదిహేను ఇరవై రకాలుగా అమ్మే "అత్తర్లు" రెండో రకం. వీటిలో ఎక్కువ భాగం కృత్రిమ కూర్పులే. తప్పేం లేదు, రాసుకోవడానికి బాగానే ఉంటాయి. కానీ పారాఫిన్ నూనెలో పలచన చేసినది కొని మళ్ళీ ఆల్కహాల్‌లో కలపబోతే పాలలా తెల్లబడి నూనె అడుగుకు చేరుతుంది. మీరు చేసేది నూనె సెంటే అయితే పర్వాలేదు, స్ప్రే చేయాలనుకుంటే ఇది పనికిరాదు.

అసలు అత్తరు సంగతి వేరు. ఉత్తరప్రదేశ్‌లోని కన్నౌజ్‌లో రాగి దేగుల్లో పూలు ఉడికించి, ఆ ఆవిరిని వెదురు గొట్టం గుండా చందన తైలం పోసిన పాత్రలోకి పంపి దింపుతారు. గులాబ్, మోతియా, కేవ్డా అత్తర్లు ఈ పద్ధతిలో వస్తాయి. చందనం ధర పెరిగాక పాత్రలో చందనం బదులు పారాఫిన్ పోసి దింపేది కూడా మామూలైంది. చందనం మీద దింపిన అత్తరు అద్భుతంగా ఉంటుంది కానీ, అందులో పువ్వుతో సమానంగా చందనం కూడా పలుకుతుంది. పూల దండ వాసన కావాలంటే ఇది కాదు. గంభీరంగా, పెద్దవాళ్ళు వాడే సెంటులా ఉండాలంటే ఇదే. కాజీపేట దర్గా ఉర్సు రోజుల్లో పెట్టే దుకాణాల్లో, హైదరాబాద్ చార్మినార్ చుట్టుపక్కల పత్తర్‌గట్టి వైపు పాత దుకాణాల్లో చేతి మీద రాయించుకుని చూసే వీలుంది. ఆన్‌లైన్‌లో ఆ వీలు లేదు. తులం లెక్కన అమ్ముతారు. తులం అంటే 11.66 గ్రాములు, సీసా సుమారు 12 మి.లీ. పావు తులం అడిగి తీసుకోండి. మొదటిసారికి అంతకు మించి వద్దు.

నాలుగోది అబ్సల్యూట్. మల్లె, జాజి, లిల్లీ, సంపెంగ లాంటి పూల లేత వాసన ఆవిరి వేడికి చాలావరకు పోతుంది. అందుకే హెక్సేన్ లాంటి ద్రావకంతో మైనంలాంటి ముద్ద తీసి, దాన్ని ఆల్కహాల్‌తో కడిగి అబ్సల్యూట్ చేస్తారు. తమిళనాడు మల్లెపూల ప్రాంతాల్లో ఈ పరిశ్రమ పెద్దది. వెయ్యి కిలోల పూలు పోస్తే చివరికి చేతికొచ్చేది ఒకటి రెండు కిలోలే. కాబట్టి పది మి.లీ. మల్లె అబ్సల్యూట్ మూడు వందలకు ఇస్తామంటే అది అబ్సల్యూట్ కాదు, వాదించి లాభం లేదు. అసలుది ముదురు రంగులో, చిక్కగా ఉంటుంది. నేరుగా వాసన చూస్తే చాలామందికి నచ్చదు: బరువుగా, ఎండిన పండులా, కాస్త పశువుల కొట్టంలా అనిపిస్తుంది. ఒక శాతానికి పలచన చేశాక పువ్వు విచ్చుకుంటుంది. ఒక్క గ్రాము కొనుక్కుంటే ఇంటి వాడకానికి ఏడాది దాటి వస్తుంది.

ఐదోది పర్ఫ్యూమ్ గ్రేడ్ ఫ్రాగ్రెన్స్ ఆయిల్. మన పునాది ఇదే. దీన్ని అమ్మేవాళ్ళను అడగాల్సింది ఇఫ్రా సర్టిఫికెట్ (సువాసన పదార్థాలకు భద్రతా పరిమితులు పెట్టే అంతర్జాతీయ సంస్థ ఇఫ్రా). అందులో "కేటగిరీ 4" అన్న గడి చూడండి, ఒంటికి కొట్టుకునే సెంట్లకు వర్తించేది అదే. అక్కడ రాసిన శాతమే గరిష్ఠ పరిమితి. 15 శాతం సెంటు చేయాలనుకుని, సర్టిఫికెట్‌లో 6 అని ఉంటే ఆ నూనె మీకు పనికిరాదు. దీనితోపాటు సేఫ్టీ డేటా షీట్, బ్యాచ్ నంబరు అడగండి. ఇవి పంపలేనివాళ్ళు ఎంత చవకగా ఇచ్చినా వదిలేయండి.

చివరిది, విడి అరోమా కెమికల్స్. పేరు విని భయపడనక్కర్లేదు. మల్లెపువ్వులో ప్రకృతి పెట్టినవీ ఇవే: లినలూల్, బెంజైల్ అసిటేట్, ఇండోల్, మిథైల్ ఆంత్రనిలేట్. పది పదిహేను గ్రాముల సీసాల్లో దొరుకుతాయి, చాలావాటి ధర వందల్లోనే.

ఇంకో దారి అడుగుతుంటారు: పెరట్లో పూలు కోసి కొబ్బరినూనెలో నానబెడితే రాదా? రాదు. తడి పువ్వులోని నీరు నూనెలోకి దిగి వారంలో బూజు పడుతుంది, లేదా నూనె ముక్కిపోతుంది. తలకు రాసుకునే నూనెకు ఒకటి రెండు రోజులు పూలు వేసి తీసేస్తే వేరే మాట. సెంటుకు సరిపడే సాంద్రత ఆ దారిలో రాదు.

పేర్ల దగ్గర డబ్బు పోతుంది

మోగ్రా, మోతియా, జాస్మిన్ సంబాక్ అని ఉంటే మన మల్లె. చమేలీ, గ్రాండిఫ్లోరమ్ అని ఉంటే జాజి. రెండూ "జాస్మిన్" కిందే అమ్ముతారు, వాసన వేరు. మల్లెలో పచ్చిదనం, నారింజపూల తీపి ఎక్కువ. జాజి పండులా, వెచ్చగా ఉంటుంది. అన్నిటికన్నా పెద్ద పొరపాటు లిల్లీతో. మన దండల్లో గుచ్చే లిల్లీ అంటే రజనీగంధ, ఇంగ్లిష్ చీటీ మీద ట్యూబ్‌రోజ్. చీటీ మీద లిల్లీ అని చూసి కొంటే వచ్చేది చలిదేశాల తెల్ల గంటల పువ్వు వాసన, సబ్బు నురుగులా ఉంటుంది. చంపా అన్నచోట సంపెంగా, దేవగన్నేరా, అగరుబత్తి "నాగ్ చంపా" కూర్పా అని అడిగి తెలుసుకోవాలి. కేవ్డా అంటే మొగలి, ఒడిశా గంజాం జిల్లాది పేరున్న సరుకు. మిఠాయిల్లో వేసే కేవ్డా ఎసెన్స్ దీనికి బదులు కాదు. అది పలచన, నూనెలో కలవదు.

బతుకమ్మ వాసనతో సెంటు కావాలని కూడా అడుగుతారు. పేర్చే పూలలో గునుగుకు చెప్పుకోదగ్గ వాసన లేదు, తంగేడుది చాలా సన్నం. ఆ తాంబాలం దగ్గర ముక్కుకు తగిలేది బంతి రెక్కల ఘాటు, చేమంతి చేదు, తడి ఆకు, పసుపు. బంతికి టాజెటిస్ నూనె దొరుకుతుంది కానీ ఎండ తగిలే చర్మం మీద మచ్చలు తెస్తుంది, ఇఫ్రా పరిమితి చాలా తక్కువ. అందుకే దీన్ని గదిలో కొట్టే స్ప్రేకే ఉంచండి.

కొన్న నూనెను పువ్వు పక్కన పెట్టి చూడటం

సీసా మూత దగ్గర ముక్కు పెట్టి నిర్ణయించవద్దు. సాంద్ర నూనె ఎప్పుడూ అబద్ధం చెబుతుంది. ఒక గ్రాము నూనెకు తొమ్మిది గ్రాముల ఆల్కహాల్ కలిపి పది శాతం ద్రావణం చేయండి. మందపాటి డ్రాయింగ్ కాగితాన్ని అర సెంటీమీటరు వెడల్పు పట్టీలుగా కోసి, కొసను అర సెంటీమీటరు ముంచి, పెన్సిలుతో పేరు, టైము రాయండి. పది నిమిషాలకు, గంటకు, నాలుగు గంటలకు, మర్నాడు పొద్దున చూడాలి. ఆల్కహాల్ ఎగిరిపోకముందు చూస్తే ఏ నూనైనా ఒకేలా కుడుతుంది.

పోల్చడానికి అసలు పువ్వు దగ్గరుండాలి. మల్లెలు మార్చి నుంచి జూన్ దాకా విరివిగా వస్తాయి, కాబట్టి మల్లె సెంటు పని వేసవిలో పెట్టుకోండి. జాజులకు వానాకాలం. లిల్లీ, గులాబి దాదాపు ఏడాదంతా దొరుకుతాయి. భద్రకాళి గుడి దగ్గర సాయంత్రం మూర మల్లెలు కొన్నా మొగ్గలే వస్తాయి, అవి రాత్రి ఎనిమిది దాటాక విచ్చి పూర్తి వాసన ఇస్తాయి. ఏడింటికి పోల్చితే పచ్చిదనం ఎక్కువ, తీపి తక్కువ అనిపిస్తుంది. మర్నాడు పొద్దుటికి వాడిన పువ్వులో ఇండోల్ పైకి తేలుతుంది. ఒక పన్నెండు పూలను చిన్న స్టీలు డబ్బాలో వేసి పది నిమిషాలు మూత పెట్టండి. మూత తీసి ఒకసారి, పట్టీ మీద ఒకసారి, మార్చి మార్చి చూడండి. మూడు నాలుగు సార్లకు ముక్కు మొద్దుబారుతుంది. కాఫీ గింజలు వాసన చూస్తే తేరుకుంటుందన్నది వట్టి అలవాటు. ఆరుబయట ఐదు నిమిషాలు నిలబడితే చాలు.

అప్పుడే ఇంకో సంగతి తెలుస్తుంది. మనకు మల్లెల వాసనగా గుర్తున్నది మల్లె ఒక్కటే కాదు. దారం తడి, తొడిమ పచ్చిదనం, మధ్యలో కట్టిన మరువం, కొన్నిచోట్ల దవనం అన్నీ కలిసిన దండ వాసన అది. సీసాలోని నూనె ఎంత మంచిదైనా ఉత్త రెక్కల వాసనే ఇస్తుంది కాబట్టి "ఏదో తక్కువైంది" అనిపిస్తుంది. ఆ తక్కువైనది చాలావరకు ఆకు.

తూకం, కలిపే ద్రవం

చుక్కల లెక్క నమ్మవద్దు. ఒక ద్రవం మి.లీ.కి ఇరవై చుక్కలైతే ఇంకోటి ముప్పై దాకా పోతుంది, డ్రాపర్ మారితే మళ్ళీ లెక్క మారుతుంది. 0.01 గ్రాము చూపించే చిన్న తూకం కొనండి. అలాంటి తూకం 0.1 గ్రాము కన్నా తక్కువ బరువును నికరంగా చూపదు, అందుకే ఘాటైన వాటిని ముందే పది శాతం, ఒక శాతం ద్రావణాలుగా చేసి పెట్టుకోవాలి. తూచేటప్పుడు ఫ్యాను ఆపండి, ఆ గాలికే అంకెలు ఆడతాయి. ఏప్రిల్, మే నెలల్లో వరంగల్ ఎండ 43 డిగ్రీలు దాటుతుంది, ఫ్యాను లేకుండా మధ్యాహ్నం కూర్చోలేరు, ఆల్కహాల్ కూడా కళ్ళముందే ఎగిరిపోతుంది. పొద్దున ఆరు ఏడు గంటల మధ్య కలపడం మేలు. వంటింట్లో వద్దు. మామూలు గది వేడిలోనే ఇథనాల్ ఆవిరి నిప్పురవ్వ తగిలితే అంటుకుంటుంది.

స్ప్రేకు పర్ఫ్యూమర్స్ ఆల్కహాల్ కావాలి, అంటే తాగడానికి పనికిరాకుండా చేసిన 95 శాతం పైబడిన ఇథనాల్. ఎక్సైజ్ నియమాల కిందికి వచ్చే సరుకు కాబట్టి లైసెన్సున్న సరఫరాదారు దగ్గర బిల్లుతోనే కొనండి. పెయింట్ దుకాణంలో అమ్మే స్పిరిట్, థిన్నర్ ముట్టవద్దు. వాటిలో మిథనాల్ ఉండొచ్చు, అది చర్మం గుండా కూడా ఒంట్లోకి చేరే విషం. శానిటైజర్‌లో గ్లిజరిన్, పెరాక్సైడ్ ఉంటాయి. సర్జికల్ స్పిరిట్‌కు తన వాసన తనకుంటుంది. ఇవేవీ పనికిరావు.

ఆల్కహాల్ జంఝాటం వద్దనుకుంటే నూనె సెంటు చేసుకోండి, మొదటిసారి కలిపేవాళ్ళకు మేం చెప్పేది కూడా ఇదే. కానీ డబ్బా కొబ్బరినూనె వద్దు. 24 డిగ్రీల కిందకు దిగితే గడ్డకడుతుంది, డిసెంబరు రాత్రుల్లో మన దగ్గర రోల్-ఆన్ తిరగనే తిరగదు. దాని సొంత వాసన కూడా అడ్డం వస్తుంది. ఎంసీటీ పేరుతో అమ్మే, గడ్డకట్టని కొబ్బరి నూనె తీసుకోండి, లేదా జొజోబా. ఇక్కడే చాలామంది బోల్తాపడే చోటు ఒకటుంది: డీపీజీలో (డైప్రొపైలిన్ గ్లైకాల్ అనే, వాసన పదార్థాలను పలచన చేసే ద్రవంలో) చేసిన ద్రావణాలు ఎంసీటీ నూనెలో కలవవు, విడిపోయి అడుగుకు చేరతాయి. నూనె సెంటు ఆలోచన ఉంటే ద్రావణాలన్నీ ఐసోప్రొపైల్ మిరిస్టేట్‌లో చేసుకోండి. అది నూనెలోనూ కలుస్తుంది, ఆల్కహాల్‌లోనూ కలుస్తుంది. కొన్న ఫ్రాగ్రెన్స్ ఆయిల్‌ను కూడా ముందే పరీక్షించాలి. చిన్న గాజు సీసాలో 2 మి.లీ. ద్రవం, ఐదు చుక్కల నూనె వేసి ఒక రోజు వదలండి. తేటగా ఉంటే సరే, మబ్బు పడితే ఆ ద్రవానికి ఆ నూనె కాదు.

మల్లె: ఎక్కువ పని ఇక్కడే

పది గ్రాముల సాంద్ర మిశ్రమానికి:

మోగ్రా ఫ్రాగ్రెన్స్ ఆయిల్ 5.0 గ్రా.
హెడియోన్ 2.5 గ్రా.
లినలూల్ 0.6 గ్రా.
బెంజైల్ అసిటేట్ 0.5 గ్రా.
జాస్మిన్ సంబాక్ అబ్సల్యూట్, 10 శాతం ద్రావణం 1.0 గ్రా.
ఇండోల్, 10 శాతం ద్రావణం 0.2 గ్రా.
మిథైల్ ఆంత్రనిలేట్, 10 శాతం ద్రావణం 0.1 గ్రా.
సిస్-3-హెక్సెనాల్, 1 శాతం ద్రావణం 0.1 గ్రా.

హెడియోన్ అనే అరోమా కెమికల్ సీసాలో వాసన చూస్తే ఏమీ లేనట్టే ఉంటుంది. చౌక మోగ్రా నూనెలన్నీ బిగుసుకుపోయినట్టు ఉండటానికి కారణం ఇది తక్కువవడమే. కలిపాక పువ్వు చుట్టూ గాలి ఆడినట్టవుతుంది. మొత్తంలో నాలుగో వంతు వేసినా ముక్కున కొట్టదు కాబట్టి ధైర్యంగా వేయవచ్చు. హెక్సెనాల్ కోసిన గడ్డి వాసన, ఆ తొడిమ పచ్చిదనం దానిదే. ద్రావణం 0.3 గ్రాములు దాటితే పువ్వు పోయి గడ్డి మిగులుతుంది. దండ వాసన కావాలంటే వీటికి మరువం నూనె పది శాతం ద్రావణం 0.1 గ్రాము చేర్చండి. దవనం నూనె పండు తీపితో చాలా ఘాటు, అదే కొలతకు సగం చాలు.

ఇండోల్ దగ్గర చెయ్యి జారకూడదు. కొద్దిగా ఉంటే రాత్రి విచ్చిన మల్లె. ఎక్కువైతే బీరువాలో కలరా ఉండల వాసన, ఇంకా ఎక్కువైతే చెప్పనక్కర్లేదు. ఎక్కువ పడిందనిపిస్తే మిశ్రమాన్ని పారబోయకండి. ఇండోల్, అబ్సల్యూట్ లేకుండా ఇంకో పది గ్రాములు కలిపి రెండూ ఏకం చేయండి. అరటిపండు, గోళ్ళ రంగు వాసన వస్తే బెంజైల్ అసిటేట్ ఎక్కువైనట్టు. ద్రాక్ష చాక్లెట్‌లా ఉంటే ఆంత్రనిలేట్.

రంగు మారడం ఇందులో మామూలే. ఆంత్రనిలేట్, నూనెలోని ఆల్డిహైడ్లతో కలిసి పసుపు, నారింజ రంగుకు తిరుగుతుంది. ఇండోల్ వెలుతురుకు ఎర్రబారుతుంది. వాసనకు నష్టం లేదు కానీ తెల్ల లాల్చీ మీద కొడితే మరక పడుతుంది. బట్టలకు కొట్టే అలవాటుంటే ఆంత్రనిలేట్ పూర్తిగా మానేయండి, మల్లెతనం కొంచెమే తగ్గుతుంది.

లిల్లీ

రజనీగంధ ఫ్రాగ్రెన్స్ ఆయిల్ 5.0, హెడియోన్ 2.0, బెంజైల్ సాలిసిలేట్ 1.5, లినలూల్ 0.6, యిలాంగ్ యిలాంగ్ నూనె 0.3, గామా-నోనాలాక్టోన్ 10 శాతం 0.3, మిథైల్ సాలిసిలేట్ 10 శాతం 0.2, మిథైల్ ఆంత్రనిలేట్ 10 శాతం 0.1. మొత్తం పది గ్రాములు.

నోనాలాక్టోన్ పచ్చి కొబ్బరి వాసన, లిల్లీలోని వెన్నలాంటి బరువు దాని వల్ల వస్తుంది. మిథైల్ సాలిసిలేట్ అంటే నొప్పుల బామ్‌లో వాసన వచ్చేది. తాజా లిల్లీ కాడను దగ్గరగా వాసన చూస్తే చల్లగా గుచ్చే ఆ పొర తెలుస్తుంది, అది లేకపోతే లిల్లీ మిఠాయిలా ఉంటుంది. 0.4 దాటితే మాత్రం మోకాళ్ళ నొప్పి మందే. అసలు లిల్లీ అబ్సల్యూట్ మల్లెదానికన్నా ప్రియం. ఈ కూర్పు చేతికి అలవాటయ్యేదాకా అటు వెళ్ళనక్కర్లేదు.

గులాబి

గులాబికి ఫ్రాగ్రెన్స్ ఆయిల్ కొనకుండా విడి రసాయనాలతోనే మొదలుపెట్టడం నయం. మూడు పదార్థాలే ముప్పావు వంతు పని చేస్తాయి. ఫినైల్ ఇథైల్ ఆల్కహాల్ 5.0 గ్రా., సిట్రొనెలోల్ 2.2, జెరానియోల్ 1.5, జెరేనియం నూనె 0.3, యూజినాల్ 10 శాతం 0.3, బీటా-అయొనోన్ 10 శాతం 0.3, బీటా-డమస్కోన్ 1 శాతం 0.4. కొనేటప్పుడు సిట్రొనెలోల్‌కు బదులు సిట్రొనెలాల్ తీసుకోకండి, అది దోమల నూనె వాసన.

ఆవిరిపట్టి తీసిన అసలు గులాబి నూనె కిలోకు మూడు నాలుగు వేల కిలోల పూలు కావాలి. అయినా దానికి తాజా గులాబి వాసన పూర్తిగా ఉండదు. తాజా పువ్వులో దండిగా ఉండే ఫినైల్ ఇథైల్ ఆల్కహాల్ నీటిలో కరిగిపోయి పన్నీరుతో వెళ్ళిపోతుంది. గులాబి నూనె కన్నా పన్నీరే పువ్వును ఎక్కువ గుర్తుచేయడం అందుకే. ఆ నూనె 20 డిగ్రీల దగ్గర స్ఫటికాలు కడుతుంది. చలికాలంలో అలా కనబడితే పాడైందనుకోవద్దు, అరచేతిలో పట్టుకుంటే కరుగుతుంది.

సంపెంగకు మాత్రం ఇంట్లో కూర్పు అంత తేలిగ్గా కుదరదు. అయొనోన్ల పొడి తీపి, ఆంత్రనిలేట్, టీ ఆకులాంటి పొర అన్నీ సరిగ్గా నిలబడాలి. మంచి అత్తరు దొరికితే అలాగే వాడుకోండి. మొగలికి మామూలు ఫ్రాగ్రెన్స్ ఆయిల్ చాలు. దాని వాసనలో పెద్ద భాగం ఒకే పదార్థానిది కాబట్టి చవక నూనెలు కూడా దగ్గరగానే ఉంటాయి.

పలచన, నాననివ్వడం

30 మి.లీ. స్ప్రే సీసాకు సాంద్ర మిశ్రమం 3.7 గ్రాములు, ఆల్కహాల్ 21 గ్రాములు వేస్తే 15 శాతం అవుతుంది. మన వేసవికి మల్లె, లిల్లీ ఈ శాతంలో ఊపిరి సలపనివ్వవు. బస్సులో పక్కవాళ్ళకు తలనొప్పి. మే నెలకు 8 నుంచి 10 శాతం, పైగా సాంద్రంలో పది గ్రాములకు 0.1 గ్రాము వట్టివేరు నూనె వేస్తే తీపి తగ్గి చల్లగా ఉంటుంది, కాస్త ఎక్కువసేపు నిలుస్తుంది కూడా. పది మి.లీ. రోల్-ఆన్‌కు సాంద్రం 2 గ్రాములు, ఎంసీటీ 7.4 గ్రాములు. నీళ్ళు ఎందులోనూ పోయకండి.

సాంద్రాన్ని ముందు ఒక వారం అలాగే ఉంచి, ఆల్కహాల్ కలిపాక మూడు నాలుగు వారాలు చీకట్లో పెట్టాలి. మొదటి రోజు ఆల్కహాల్ కుట్టినట్టు ఉండటం సహజం, ఆ రోజే దిద్దడం మొదలుపెడితే రెండు వారాల తర్వాత ఏదో ఒకటి ఎక్కువై కూర్చుంటుంది. అబ్సల్యూట్ వాడితే సన్నటి మైనం తేలవచ్చు. రెండు రోజులు ఫ్రిజ్‌లో పెట్టి, చల్లగా ఉండగానే ఫిల్టర్ కాగితంలో వడకట్టండి. ఆల్కహాల్ సీసా మూత బిగుతుగా ఉండాలి.

సీసాలు ముదురు గోధుమరంగు గాజువే కొనండి. రబ్బరు బుడగ డ్రాపర్ మూతతో సాంద్ర నూనె నిల్వ పెడితే రబ్బరు ఉబ్బి, కరిగి అందులోకే దిగుతుంది. పెన్‌మార్కర్ రాత ఆల్కహాల్ చుక్క తగిలితే చెరిగిపోతుంది. కాగితం చీటీ మీద పెన్సిలుతో రాసి పైన టేపు వేయండి. పార్సిల్‌లో తెప్పించేవాళ్ళు నవంబరు, ఫిబ్రవరి మధ్య తెప్పించుకుంటే మంచిది. మే ఎండలో డెలివరీ బండిలో రెండు రోజులు తిరిగిన లేత నూనెలు సగం చస్తాయి.

వాడేముందు మోచేతి లోపలి మడతలో ఒక చుక్క రాసి 24 గంటలు చూడండి. దురద, ఎరుపు వస్తే కడిగి ఆపేయాలి. పసిపిల్లలకు రాయవద్దు. సాంద్ర నూనెను, ముఖ్యంగా విడి రసాయనాలను, పలచన చేయకుండా ఒంటికి తాకించవద్దు.

ఇక ఎవరికి ఏది? ఒక్కసారి సరదాకు చేసి చూడాలనుకునేవాళ్ళు పర్ఫ్యూమ్ గ్రేడ్ మోగ్రా నూనె, హెడియోన్, ఎంసీటీ ఈ మూడే కొనండి. రెండు వంతుల నూనెకు ఒక వంతు హెడియోన్ కలిపినా తేడా తెలుస్తుంది. పువ్వుకు నిజంగా దగ్గరగా వెళ్ళాలనుకునేవాళ్ళు గులాబితో మొదలుపెట్టి, చెయ్యి కుదిరాక మల్లెకు రండి. కలపడం ఇష్టం లేక వాసన మాత్రమే కావాలనుకుంటే పావు తులం అసలు అత్తరు కొనుక్కోవడమే నయం, ఈ సీసాలన్నిటికీ అయ్యే ఖర్చు దానికి మించుతుంది. పెళ్ళిళ్ళలో పంచడానికో, అమ్మడానికో ఆలోచన ఉంటే మాత్రం ఆగాలి. సెంటు కాస్మెటిక్ కింద లెక్క, అమ్మకానికి చేస్తే కాస్మెటిక్స్ రూల్స్ 2020 ప్రకారం తయారీ లైసెన్సు ఉండాలి.